అభిమానం ఏ శీర్షిక కిందికి వస్తుంది?

ఉద్యోగం చేసిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను ఎన్ని ఫిర్యాదులు రాశానో నాకే తెలియదు. కుర్చీ చెయ్యి విరిగిందని, జీతం చీటీలో ఇంటిపేరు తప్పు పడిందని, నా తర్వాత చేరినవాడికి కిటికీ పక్క బల్ల ఇచ్చారని. చాలావాటికి జవాబు కూడా రాలేదు. ఒక్కదాని మీద మాత్రం వారం తిరక్కుండా చర్య తీసుకున్నారు. తీసుకోకుండా ఉంటే బాగుండేదని నేను అనుకునేది ఆ ఒక్కదాని గురించే. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి ఫిర్యాదు పంపడం మా రోజులకంటే చాలా సులువు. అందుకని ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో అయిదో తరగతి దాకా రెండూ. తర్వాత శ్రీకాకుళం వచ్చేశాం. ఒడియా చదవడం, బేరం ఆడడం, దారి అడగడం నాకు బాగా వచ్చు. ఆ భాష నాకు వచ్చునని చెప్పుకోవడానికి అంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి.

సింగపూర్ వచ్చింది కంప్యూటర్ల పనికి కాదు. జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయన కర్మాగారం కడుతుంటే అక్కడి నక్షాల విభాగంలో చేరాను. అక్కడ ఒక నియమం ఉండేది. తనిఖీ చేసినవాడు సంతకం పెట్టాక ఆ నక్షాలో ఒక్క గీతనైనా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోవాలంటే సంతకం పెట్టినవాణ్ణి అడగాలి. ఒక గొట్టం మీద బాణం గుర్తు తిరగబడితే ఎన్ని ప్రాణాలు పోతాయో మాకు మొదటి రోజే చెప్పారు. ఆ మాట నాకు ఒంటబట్టేసింది.

తర్వాత కంప్యూటర్ల వేడి మొదలైంది. వై2కె గండం గడిచిన మరుసటి ఏడాది అనుకుంటాను, ఎవరు ఏ పని చేసినా దానికి చివర ‘డాట్‌కామ్’ తగిలిస్తే ఉద్యోగాలు పుట్టుకొచ్చేవి. ఇప్పుడు వన్-నార్త్ అని అద్దాల మేడలు లేచిన చోట అప్పుడు పాత ఫ్యాక్టరీ బ్లాకులు ఉండేవి. వాటిలో ఒకదాని నాలుగో అంతస్తులో ఒక చిన్న కంపెనీ భారతీయ భాషల భక్తి సాహిత్యాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఏ భాష పాటైనా సరే భావాన్ని బట్టి వెతుక్కునేలా చెయ్యాలి. తెలుగు, ఒడియా రెండూ చదవగలిగే తనిఖీ మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను.

భావాల పట్టిక తయారు చేసింది నేనే. దాస్యం, శరణాగతి, విరహం, ప్రేమ, నింద. ఒక్కో శీర్షిక కింద ఏ మాటలు వస్తాయో జాబితా రాశాను. సంస్కృతం నుంచి వచ్చిన మాట ఏ భాషలో ఉన్నా అర్థం ఒకటే కదా అని తెలుగు భాగానికి రాసిన జాబితానే ఒడియాకీ పెట్టాను. ‘అభిమానం’ అన్న మాట ప్రేమ కిందికి వెళ్ళింది. ఎవరైనా అక్కడే పెడతారు. మనం ఒకరిని అభిమానిస్తున్నాం అంటే ఇష్టపడుతున్నామనే కదా.

ఒడియా భాగంలో మొదట తీసుకున్నది ఒక పాతకాలపు కవిని. ఆయన పేరు ఇక్కడ రాయను, ఒడియా వాళ్ళలోనే అందరికీ తెలిసినవాడు కాదు. పూరీ గుడిలో నీళ్ళు మోసే సేవ ఉన్న ఇంట్లో పుట్టాడట. ఎవరో చాడీ చెప్పడంతో ఆ సేవ పోయింది. గుడి లోపలికి రానివ్వలేదు. మిగిలిన జీవితమంతా సింహద్వారం బయట నిలబడి పాటలు కట్టాడు. ఆ చాడీ చెప్పినవాడి మీద నాకు చాలా కోపం వచ్చింది. డైరీలో కూడా రాసుకున్నాను.

ఆయన దేవుణ్ణి పొగిడిన పాటలు తక్కువ. స్నానపూర్ణిమ నాడు నూట ఎనిమిది కుండల నీళ్ళు పోస్తే జగన్నాథుడికి జ్వరం వస్తుందని, పదిహేను రోజులు తలుపులు మూసి వైద్యం చేస్తారని అక్కడి ఆచారం. దాని మీద ఆయన కట్టిన పాటకి సారాంశం ఇది: ఒక్క పూట తడిసినందుకు నీకు పదిహేను రోజుల సెలవు. పుట్టిన దగ్గర్నుంచి నీకు నీళ్ళు మోసి తడిసిన నాకు సెలవు లేదు సరికదా, ఉన్న పని కూడా తీసేశావు. ఇంకో పాటలో, రెప్పలు లేని గుండ్రటి కళ్ళు నీవి, నిద్రపట్టింది చూడలేదు అని బుకాయించడానికి కూడా నీకు వీలు లేదు అంటాడు. చదువుతుంటే ఈయన నా మనిషి అనిపించేది. భక్తి అంటే చేతులు కట్టుకుని నిలబడడమే అనుకున్నవాణ్ణి, ఇలా నిలదీయడం కూడా భక్తిలో ఒక పద్ధతి అని ఈయన వల్లే తెలిసింది.

పాటలు ఎక్కించి శీర్షికలు పెట్టే పని ఒక ఒడియా కుర్రాడిది. కుర్రాడంటే ముప్ఫై దాటినవాడే, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పూరీ దగ్గర పల్లె. నన్ను మొదటి రోజు నుంచీ ‘భాయినా’ అని పిలిచాడు, వాళ్ళలో అన్నయ్యని అలా పిలుస్తారు. ఇద్దరం ఒడియాలోనే మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ ఆవిడ పంపిన కూరలు మా ఇంటికి, మా ఆవిడ పెట్టిన పచ్చళ్ళు వాళ్ళ ఇంటికి వెళ్ళేవి.

మొదటి దెబ్బ రెండో వారంలోనే తగిలింది. ఒక పాటలో ‘గాళి’ అన్న మాట వచ్చింది. నేను గాలి అనుకుని, స్వామికి విసనకర్రతో గాలి విసురుతానంటున్నాడు కవి అని సారాంశం రాశాను. ఒడియాలో గాళి అంటే తిట్టు. నిన్ను నోరారా తిడతాను అంటున్నాడు కవి. అతను అది చూసి పడీ పడీ నవ్వాడు. నవ్వినందుకు కాదు నా బాధ. వెళ్ళి మేనేజర్‌కి కూడా చెప్పాడు. ఆ తారీఖు నా డైరీలో ఉంది.

మేనేజర్ హైదరాబాద్ ముస్లిం. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు నా మీద అధికారి కావడం గురించి నేనేమీ అనలేదు. మనసులో మాత్రం పెట్టుకున్నాను.

నాలుగైదు నెలలు గడిచేసరికి గాలి మారింది. డాట్‌కామ్ కంపెనీలు ఒకటొకటే మూతపడుతున్నాయి. మా కింది అంతస్తులో ఒక సోమవారం ఉదయం చూస్తే బల్లలు, కుర్చీలు లారీకి ఎక్కిస్తున్నారు. ఒడియా భాగం పూర్తయ్యాక మా ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారని పుకారు పుట్టింది. ఆ దేశంలో ఉండి పని చెయ్యడానికి ఇచ్చే మా ఇద్దరి పాస్‌లూ ఒకే నెలలో తిరగరాయించుకోవాలి. కంపెనీ సిఫార్సు చెయ్యకపోతే నెల తిరిగేలోగా పెళ్ళాంతో సహా దేశం విడిచి వెళ్ళాలి.

అప్పటి నుంచి నాకు అతని ప్రతి పనీ వింతగా కనిపించసాగింది. నేను వెనక నుంచి వెళ్తే తెర మీద ఏదో మూసేసేవాడు. ఫోన్‌లో పెళ్ళాంతో మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించేవాడు. శనివారం అందరూ వెళ్ళాక ఏవో కాగితాలు ప్రింట్ తీసుకున్నాడని కాపలా మనిషి చెప్పాడు. ఒక మధ్యాహ్నం, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్తే అతనూ మేనేజరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మూడో కుర్చీ మీద టిష్యూ పాకెట్ పెట్టి ఉంది. అక్కడ అలా పెడితే ఆ కుర్చీ ఎవరికో అట్టిపెట్టినట్టు. నన్ను పిలవకుండా ఎవరి కోసం అట్టిపెట్టారు? పై ఆఫీసు మనిషి కోసమే అయి ఉంటుందని తేల్చుకున్నాను. తినకుండా వెనక్కి వచ్చేశాను. ఇదీ డైరీలో ఉంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ నా వైపు విసుగ్గా చూసింది. “ఏటండీ, అన్నం తిన్న చోట ఎవరైనా కుట్ర చేస్తారేటి? వెళ్ళి కూర్చోకపోయారా,” అంది. ఆవిడకి లోకం తెలియదనుకున్నాను.

ఇక అసలు సంగతి. కంప్యూటర్‌లో ప్రతి పాటకీ ఒక చిట్టా ఉండేది. ఎవరు ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో అందులో పడుతుంది. నా తనిఖీ పూర్తయిన పాటలకి నా సంతకం కింద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. ఒకరోజు ప్రేమ శీర్షిక తెరిస్తే సగం ఖాళీగా ఉంది. వెతికితే ఆ పాటలన్నీ ‘ఇతరములు’ అన్న గుట్టలో ఉన్నాయి. ఏ శీర్షికకీ పనికిరాని చెత్త పడేసే చోటు అది. చిట్టాలో అన్నింటికీ అతని పేరే. నా సంతకం అయ్యాక, నన్ను అడక్కుండా మార్చాడు. అన్నీ ‘అభిమానం’ మాట ఉన్న పాటలే, ఆ కవి పాటల్లో నాకు బాగా నచ్చినవే.

నాకు బొమ్మంతా కనిపించినట్టు అయింది. వచ్చే వారం పాటల నమూనా పై ఆఫీసుకి వెళ్తుంది. నా సంతకంతో ప్రేమ శీర్షిక ఖాళీగా వెళ్తే, తనిఖీ మనిషికి ఒడియా రాదని తేలిపోతుంది. ఉండేది అతను, పోయేది నేను.

అతన్ని అడగలేదు. అడిగితే జాగ్రత్త పడతాడు కదా. మూడు రోజులు కూర్చుని ఫైలు కట్టాను. చిట్టా కాగితాలు, నా డైరీలోంచి తారీఖులు, అతను నాకు పంపిన మెయిళ్ళు, అన్నీ వరసగా పెట్టి, సంతకం తర్వాత రహస్యంగా మార్పులు చేసి పనిని పాడు చేస్తున్నాడని ఫిర్యాదు రాశాను. మేనేజర్‌కి ఇచ్చి ఊరుకోలేదు. ఒక ప్రతి పై ఆఫీసు ఎచ్చార్ వాళ్ళకి కూడా పంపాను. మేనేజర్ తొక్కిపెడతాడని నా అనుమానం.

మర్నాడు అతను నా బల్ల పక్కనుంచి వెళ్తూ, “గుడ్ మార్నింగ్ సార్,” అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ సార్ అనలేదు. అది కూడా వెటకారం కిందే రాసుకున్నాను.

నమూనా వెళ్ళే ముందు రోజు మేనేజర్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. అద్దాల గది. నా ఫైలు బల్ల మీద ఉంది. అతను తల దించుకుని కూర్చున్నాడు. మార్చింది నువ్వేనా అని మేనేజర్ అడిగితే అవునన్నాడు. ఎందుకు మార్చావంటే చెప్పడానికేమీ లేదన్నాడు. నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. దొరికిపోయినవాడు అలాగే ఉంటాడు.

మేనేజర్ ఒక పాట తీసి సారాంశం చదవమన్నాడు. నేనే చదివాను. జ్వరం రోజుల్లో గుడి తలుపులు మూసి ఉన్నాయి. కవి ద్వారం ముందు కూర్చుని తలుపుకి తల కొట్టుకుంటూ ఉంటాడు. నీకిచ్చిన సేవ నువ్వే తీసేసుకున్నావు, నా దగ్గర మిగిలింది అభిమానం ఒక్కటే, దాన్నైనా బయటికొచ్చి తీసుకో, అంటాడు. చూశారా, ఎంత ప్రేమో అన్నాను.

మేనేజర్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

“అన్నా, నాకు ఒడియా రాదు. ఒక్కటడుగుత, ఏమనుకోకు. ప్రేమైతే తల తలుపుకెందుకు కొట్టుకుంటున్నడు?”

నేను ఏదో చెప్పబోయాను. మేనేజర్ వినలేదు.

“మా ఇండ్లల్ల రూఠ్నా అంటరు. పరాయోళ్ళ మీద కోపమొస్తది, అయినోళ్ళ మీద రూఠ్తరు. మీ తెలుగుల ఏమంటరు దాన్ని?”

“అలక,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు.

మేనేజర్ అతని వైపు తిరిగి, ఒడియాలో అభిమానం అంటే అదేనా అని అడిగాడు. అతను తలెత్తకుండానే అవునన్నాడు. ప్రేమ ఉన్నచోటే వస్తుంది గానీ ప్రేమ కాదన్నాడు. మనం ఎవరి మీద హక్కు ఉందనుకుంటామో వాళ్ళు మనల్ని పట్టించుకోకపోతే లోపల కలిగే నొప్పి అన్నాడు. పట్టికలో దానికి శీర్షిక లేదు. నింద కింద పెడితే తిట్టు అయిపోతుంది. అందుకని ఇతరములలో పెట్టి, వేరే శీర్షిక అడుగుదామనుకున్నాడట.

పర్లాకిమిడిలో పుట్టిన నాకు ఆ ముక్క తెలియలేదు. ఆ భాషలో కూరగాయలు కొన్నాను, దారులు అడిగాను. ఎవరి మీదా అలగవలసిన అవసరం పడలేదు.

“మరి నన్ను అడగాలి కదా,” అన్నాను. నా దగ్గర ఇంకా ఆ ఒక్క మాట ఉంది.

మేనేజర్ నా ఫైలు తిప్పి, అందులోంచే ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. రెండు నెలల కింద అతను రాసిన మెయిలు. భాయినా, ఈ కవి దగ్గర అభిమానం ప్రేమ కాదనిపిస్తోంది, వేరే శీర్షిక పెడదామా అని ఉంది. కింద నా జవాబు: పట్టిక ఖరారైంది, నీ పని నువ్వు చూసుకో. ఆ కాగితాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టింది నేనే. ‘అనిపిస్తోంది’ అన్న మాట కింద ఎర్ర గీత గీసింది కూడా నేనే, ఆధారం లేకుండా మాట్లాడతాడని రుజువు చెయ్యడానికి. నా జవాబు నాకు గుర్తే లేదు. ఇతరులు నన్నన్నవి తారీఖుతో సహా గుర్తుంటాయి. నేనన్నవి డైరీలో ఉండవు.

అతను బయటికి వెళ్ళాక మేనేజర్ తలుపు వేశాడు.

“దొంగ పని చేసెటోడు సొంత పేరుతోని చేస్తడా అన్నా? నీ పేరు మీద తప్పు పోవద్దని చేసిండనుకుంట. ఆ రోజు హాకర్ సెంటర్ల నీ కోసమని టిష్యూ పెట్టి కూసున్నం. నువ్వు జూసి మళ్ళిపోతివి.”

నా పేరు కాపాడడానికే చేశాడో, నన్ను ఇరికించడానికే చేశాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పని చూసుకో అన్నందుకు పంతం పట్టి చేసి ఉంటాడని ఒక అనుమానం. కొంచెం అదీ, కొంచెం ఇదీ అయి ఉంటుంది. కానీ పనిని పాడు చెయ్యడం మాత్రం కాదు, అది నాకు ఆ గదిలోనే తెలిసింది.

ఫిర్యాదు అప్పటికే ఎచ్చార్ దగ్గర ఉంది. సాయంత్రంలోగా వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క వాక్యం రాసిస్తే తను పైకి మాట్లాడతానన్నాడు మేనేజర్. లేకపోతే అతని పాస్‌కి సిఫార్సు ఉండదు.

బల్ల దగ్గరికి వచ్చి రాశాను. ‘నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నాను.’ చదువుకున్నాను. ఏమీ జరగనట్టు ఉంది. ఆ వాక్యం చదివినవాడు నేను వట్టి పిచ్చివాణ్ణి అనుకుంటాడు. తనిఖీ సంతకం తర్వాత మార్పు చేసిన మాట అబద్ధమా? జురాంగ్‌లో అయితే ఏం చేసేవారు? ఇంకో వాక్యం చేర్చాను. ‘అయితే నా సంతకం తర్వాత, నా అనుమతి లేకుండా మార్పులు జరిగిన మాట వాస్తవమని నమోదు చేయగోరుతున్నాను.’ పంపేశాను.

మూడో రోజు జవాబు వచ్చింది, అతనికీ ఒక ప్రతి వెళ్ళింది. అతని పాస్‌కి సిఫార్సు చెయ్యడం లేదు. కారణం దగ్గర నా రెండో వాక్యమే ఉంది, దాదాపు నా మాటల్లోనే. నా పాస్‌కి సిఫార్సు చేశారు.

మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చి, “ఒక్క లైన్ రాయమంటే రెండు రాస్తివి అన్నా,” అని వెళ్ళిపోయాడు. తర్వాత నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అది కూడా నాకు గుర్తుంది, కానీ దాని మీద ఫిర్యాదు చెయ్యలేను.

అతను మర్నాటి నుంచి ఆఫీసుకి రాలేదు. శుక్రవారం సాయంత్రం నేను క్లెమెంటిలో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఏం చెప్పాలో అనుకోలేదు. బయట ఇనప గ్రిల్‌కి తాళం ఉంది. లోపలి తలుపు కొంచెం తెరిచి వాళ్ళ ఆవిడ వచ్చింది. ఎప్పటిలా నవ్వలేదు.

“ఆయన ఇంట్లో లేరని చెప్పమన్నారు, భాయినా,” అంది.

లేరని చెప్పమన్నారు. అంటే ఉన్నాడు. ఉండి, లేనని చెప్పిస్తున్నాడు. ఇంటికి వచ్చిన నాకు ఎంత అవమానం. సరే అని వెనక్కి తిరిగి లిఫ్టు ఎక్కాను. రైల్లో ఇంటికి వచ్చేసరికి దీన్ని ఎవరికి రాయాలా అని ఆలోచిస్తున్నాను.

మిగిలిన పాటలు నేనే పూర్తి చెయ్యాలి. శనివారం ఒక్కణ్ణే ఆఫీసులో కూర్చుని ఒక్కొక్కటీ తెరుస్తున్నాను. రథయాత్ర పాటల దగ్గరికి వచ్చాను. జగన్నాథుడు అన్ననీ చెల్లెల్నీ తీసుకుని ఊరేగింపుకి వెళ్తాడు, లక్ష్మిని గుడిలోనే వదిలేస్తాడు. తిరిగొచ్చే రోజు ఆమె తలుపు వేసేస్తుంది. ఆయన బయట నిలబడి బతిమాలి, రసగుల్లాలిచ్చి, ఒప్పించి లోపలికి వెళ్ళాలి. ఇప్పటికీ అక్కడి సేవకులు రెండు జట్లై, తలుపుకి ఇటూ అటూ నిలబడి ఆ వాదన చేస్తారట. మా కవి పాటలో దేవుడు తలుపు తడతాడు. అమ్మ లోపల లేదు, పొమ్మంటుంది లోపలి గొంతు.

ఆ పాట కింద వ్యాఖ్య రాసే చోట అతను రాసి పెట్టినది ఉంది. తెర మీద నాకు కనపడకుండా మూసేసినవి, శనివారాలు ప్రింట్ తీసుకున్నవి ఈ వ్యాఖ్యలే అని అప్పుడు తెలిసింది. తారీఖు నా ఫిర్యాదుకి ముందుది. ఇలా ఉంది: ‘లేదు అన్నది ఆమే. తలుపుకి ఆనుకునే ఉంది, అందుకే గొంతు బయటికి వినిపిస్తోంది. ఇది పొమ్మనడం కాదు. బయటి ఆయన నిజంగా వెళ్ళిపోతే పాట ఇక్కడ ఆగిపోవాలి. అభిమానానికి వేరే శీర్షిక కావాలి. భాయినాని మళ్ళీ అడగాలి.’

అది రెండు సార్లు చదివాను. కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్ళాను. జరిగింది చెబితే మా ఆవిడ ఒక్కటే అంది. “మీరు ఎవరి మీద అలగాలన్నా ముందు ఫైలు కడతారు. ఎవరైనా మీ మీద అలిగితే ఏటి చెయ్యాలో మీకెవరూ నేర్పలేదు. రేపు వెళ్ళండి.”

ఆదివారం ఉదయం వెళ్ళాను. గ్రిల్ అవతల వాళ్ళ ఆవిడే వచ్చింది. ఇంట్లో లేరనే చెప్పమన్నారంది. ఈసారి ఆవిడ తలుపు పూర్తిగా వెయ్యలేదు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. చేతనైన పని ఒక్కటే. అక్కడే నిలబడి, ఆ తలుపు సందులోకి ఫిర్యాదు చెయ్యడం మొదలుపెట్టాను. ఒడియాలో, నాకొచ్చినంత గట్టిగా.

“మెయిలు ఒక్కసారే రాస్తావా? రెండోసారి రాస్తే నీ చెయ్యి పడిపోతుందా? మళ్ళీ అడగాలి అని కంప్యూటర్‌లో రాసుకున్నావు, ఆ మాట నాకు చెప్పాలా కంప్యూటర్‌కి చెప్పాలా? మేనేజర్ అడిగితే నోరు విప్పవా? పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి, నాకు తెలియదని తెలిసినవాడివి, నన్ను కూర్చోబెట్టి చెప్పొద్దా? నా ఎదురుగా సార్ అంటావా? ఎవరికి సార్‌ని నేను?”

పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ తలుపు తీసి చూసింది. “వై సో లౌడ్ లా, అంకుల్,” అంది. నేను ఆగలేదు. ఊపిరి అందక ఒక్క క్షణం గ్రిల్ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు లోపలి నుంచి, తలుపుకి బాగా దగ్గర నుంచి, అతని గొంతు వినిపించింది.

“అదంతా సరే భాయినా. నువ్వు ఆ ‘అయితే’ ఎందుకు రాశావు?”

నియమం గురించి చెప్పొచ్చు, జురాంగ్ గురించి చెప్పొచ్చు. అక్కడ నిలబడి అవేవీ నోటికి రాలేదు.

“అది లేకుండా సంతకం పెట్టడం నాకు చేతకాలేదురా,” అన్నాను.

వాళ్ళ ఆవిడ నా వైపూ చూడలేదు, లోపలికీ చూడలేదు. తర్వాత అతను వచ్చి గ్రిల్ తాళం తీశాడు. లుంగీ మీద ఉన్నాడు, మోచేతికి ప్యాకింగ్ టేపు ముక్క అంటుకుని ఉంది. రమ్మనలేదు. వెనక్కి తిరిగి హాల్లోకి నడిచాడు, నేను వెనకే వెళ్ళాను. హాలంతా అట్టపెట్టెలు. ఒక పెట్టె నిండిపోయి మూతలు పైకి లేచి ఉన్నాయి.

“ఇటు పట్టుకో,” అన్నాడు.

రెండు మూతలూ దగ్గరికి నొక్కి పట్టుకున్నాను. అతను టేపు అంటించాడు. బుధవారం విమానానికి వాళ్ళు వెళ్ళిపోయారు.